కొండమీద కల్యాణకట్ట: కత్తి కంటే చెయ్యి చూడండి

తలనీలాలు ఇవ్వడానికి కొండెక్కే ఆడవాళ్ళలో చాలామందికి లోపల ఒక బెరుకు ఉంటుంది, గుండుతో ఎట్లా కనిపిస్తామో అని. ఆ బెరుకును ఎట్లా పోగొడతారన్నదాన్ని బట్టే తిరుమల కల్యాణకట్ట సేవను తూచాలి. స్థలపురాణమూ ఆ కొలతే చూపిస్తుంది. గొల్లవాడి గొడ్డలి దెబ్బకు స్వామి తలమీద ఒకచోట జుట్టు పోతే, గంధర్వ కన్య నీలాదేవి తన కురుల్లోంచి ఒక పాయ కోసి అక్కడ అతికించిందంటారు. ఏడుకొండల్లో నీలాద్రి ఆమె పేరుదే. తన అందంలోంచి కొంత తీసి ఎదుటివారి లోటు పూడ్చింది కాబట్టే ఆమెను ఇప్పటికీ తలుచుకుంటున్నాం.

పద్ధతి సులువే. ప్రధాన కల్యాణకట్ట రాత్రింబవళ్ళు తెరిచే ఉంటుంది. యాత్రికుల వసతి సముదాయాల్లో చిన్న కల్యాణకట్టలూ ఉన్నాయి. టోకెన్, బ్లేడు కౌంటర్లో ఇస్తారు, రుసుము లేదు. గుండు చేశాక కూడా ఎవరికీ డబ్బు ఇవ్వాల్సిన పని లేదు. బ్లేడు కొత్తదేనా అని చూసుకుని, మీ కళ్ళముందే కత్తికి ఎక్కించమనండి. అడగడానికి మొహమాటపడొద్దు. మహిళా క్షురకులూ ఉన్నారు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవుల్లో వరస పొడుగ్గా ఉంటుంది. అప్పుడు పసిపిల్లలతో వెళ్ళేవాళ్ళు రద్దీ తగ్గే వేళ చూసుకోవడం మేలు.

ఇక అసలు సంగతి, చెయ్యి. మంచి చెయ్యి కత్తి పట్టకముందే తెలిసిపోతుంది. తలమీద నీళ్ళు చిలకరించి వదిలేయకుండా, వేళ్ళతో కుదుళ్ళదాకా రుద్ది రెండు మూడు నిమిషాలు నాననిస్తుంది. గాట్లు పడేది ఎక్కువగా ఇక్కడ తొందరపడినప్పుడే. పొడి వెంట్రుక గట్టిగా ఉండి బ్లేడును ఆపుతుంది, ఆగినచోట బలం పెడితే చర్మం తెగుతుంది. ఆ రోజు తలకు నూనె రాసుకుని వెళ్ళొద్దు. నీళ్ళు జారిపోయి వెంట్రుక నానదు, పట్టు కూడా తప్పుతుంది. పొడుగు జుట్టును చిక్కు తీసి, నడి పాపిట తీసి రెండు ముడులుగా వేసుకుని కూర్చుంటే సగం పని అయిపోయినట్టే.

నడినెత్తిన సుడి దగ్గర చూడండి. అక్కడ వెంట్రుక చుట్టూ తిరిగి ఉంటుంది కాబట్టి ఒకే వైపు లాగితే కచ్చితంగా గీరుకుంటుంది. పని తెలిసినవాళ్ళు బొటనవేలితో చర్మం బిగించి, వెంట్రుక వాలు మారినప్పుడల్లా కత్తి వాలూ మారుస్తారు. చెవిని ముందుకు మడిచి వెనక గీస్తారు. మెడ వెనక గుంట దగ్గరికొచ్చేసరికి "తల వంచమ్మా" అని చెప్పి, వంచేదాకా ఆగుతారు. ఆ ఆగడంలో ఉంది పనితనమంతా. పులిపిర్లు, పాత కుట్లు ఉన్నాయేమో ముందే అడిగే క్షురకుడు దొరికితే నిశ్చింతగా తల అప్పగించొచ్చు. అడగకపోతే మీరే చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, చక్కెర జబ్బున్నవాళ్ళు తప్పకుండా చెప్పాలి.

పసిపిల్లల విషయం వేరు. ఏడాదిన్నర లోపు బిడ్డకు మాడు మెత్తగా ఉంటుంది, అక్కడ వేలి బలం కూడా పెట్టకూడదు. పాలు పట్టిన వెంటనే కూర్చోబెడితే ఏడుపుతో కక్కుకుంటారు. అరగంట ముందే పట్టండి. బిడ్డ కాళ్ళు ఒడిలో బిగించి, ఒక చెయ్యి గడ్డం కింద ఉంచండి. బిడ్డ తల విదిలిస్తే కత్తి పైకెత్తి ఊరుకునేవాళ్ళే మంచి పనివాళ్ళు, తల నొక్కి పట్టి గీసేవాళ్ళు కాదు.

అన్నిటికంటే పెద్ద మార్కు మాటకు. మొదటి పాయ ఒళ్ళో పడగానే కొందరికి కన్నీళ్ళు ఆగవు. అప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆపి, "గోవిందా అనుకోమ్మా" అని మళ్ళీ మొదలుపెట్టే మనిషి చేతిలో గుండు అవమానంగా తోచదు. ఆ ఓర్పు ఏ శిక్షణలోనూ పూర్తిగా రాదు, మనిషిలో ఉండాలి. వరసలోనూ అంతే. జడ, పూలు, క్లిప్పులు పోయి అందరి తలలూ ఒకేలా ఉన్నప్పుడు, ముసలమ్మకు ముందుచోటు ఇచ్చిన పిల్ల, పక్కవాళ్ళ బిడ్డను ఎత్తుకున్న తల్లి, వీళ్ళ ముఖాలే కంటికి నిండుగా ఆనతాయి.

లోటు చెప్పాలంటే, రద్దీ వేళల్లో నేల తడిగా, వెంట్రుకలతో జారుడుగా ఉంటుంది. పెద్దవాళ్ళను చెయ్యి పట్టుకుని నడిపించండి.

తర్వాతి జాగ్రత్తలు. గాటు పడితే శుభ్రమైన గుడ్డతో రెండు నిమిషాలు అదిమి పట్టండి. స్నానమయ్యాకే చందనం పెట్టుకోండి, పలచగా. మందంగా పూస్తే ఎండి పగుళ్ళిచ్చి చర్మాన్ని లాగుతుంది. గాటు మీద పూయొద్దు. కొత్త గుండుకు ఎండ చురుక్కున తగులుతుంది, టోపీయో కొంగో కప్పుకోండి. గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్నది నిజం కాదు. కుదురు చర్మం కిందే ఉంటుంది, పైన తెగిన కొన మొద్దుగా ఉండటంతో అట్లా అనిపిస్తుందంతే. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. భుజాలదాకా రావడానికి రెండేళ్ళు దాటుతుంది. పెళ్ళిళ్ళు దగ్గర్లో ఉన్న ఆడపిల్లలు ఆ లెక్క వేసుకుని, అవసరమైతే గుండు బదులు మూడు కత్తెర్లు, అంటే మూడుసార్లు కత్తిరించిన కొద్దిపాటి జుట్టు, ఇచ్చి రావచ్చు.