గండుపిల్లికి ఒక వృషణం దిగకపోతే ఏది మేలు?

న్యూటరింగ్‌కి (వృషణాలు తీసే ఆపరేషన్‌కి) తీసుకెళ్తే డాక్టర్ తడిమి చూసి "ఒకటే తగులుతోంది, రెండోది సంచిలోకి దిగలేదు" అన్నారనుకోండి. అప్పుడు మూడు దారులుంటాయి: కొన్నాళ్లు ఆగడం, కనిపిస్తున్నది మాత్రం తీయించడం, లోపలిది వెతికించి రెండూ తీయించడం.

పిల్ల చిన్నదైతే ఆగడమే సరి. చిన్న వయసులో వృషణాలు గజ్జల్లోకి పోతూ మళ్లీ సంచిలోకి వస్తూ ఉంటాయి, మూడో నెలలోనే తేల్చేయకూడదు. ఆరు నుంచి ఎనిమిది నెలలు దాటినా జాడ లేకపోతే ఇక దిగదనే అనుకోవాలి.

రెండో దారి చౌక, నిమిషాల్లో అయిపోతుంది. అయినా మూడింటిలోనూ చెడ్డది ఇదే అంటాను. లోపల మిగిలిపోయిన వృషణం ఒంటి వేడికి వీర్యకణాలను తయారుచేయలేదు గానీ మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను వదులుతూనే ఉంటుంది. సోఫాల మీద ఘాటు మూత్రం చిమ్మడం, రాత్రిళ్లు బయట తిరగడం, కొట్లాటలు ఏవీ ఆగవు. పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ వైరస్ అంటుకునేది ముఖ్యంగా ఆ కొట్లాటల్లో పడే కాట్లతోనే. పైగా సంచి ఖాళీ కాబట్టి, రేపు ఆ పిల్లిని పెంచుకునేవాళ్లు ఆపరేషన్ అయిపోయిందనే నమ్ముతారు. అప్పుడు నిజం బయటపెట్టేది పురుషాంగం మీది సన్నటి ముళ్లు. హార్మోన్ ఉన్నంతకాలమే అవి ఉంటాయి, రెండు వృషణాలూ తీసేస్తే కొన్ని వారాల్లో పోతాయి.

మూడో దారికి ఖర్చెక్కువ. వృషణం గజ్జల్లో ఉంటే చిన్న కోతతో సరిపోతుంది. పొట్టలో ఉంటే పొట్ట తెరవాలి, లేదా సదుపాయం ఉన్నచోట లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) చేయించాలి. కుట్లు మానేదాకా, వాటిని నాకకుండా మెడకు గరాటులాంటి కాలర్ తప్పదు. నొప్పి అని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రం వేయకండి, పిల్లికి అది ప్రాణాంతకం. ఇంత కష్టమైనా నా ఓటు దీనికే. ఈ లోపం వంశపారంపర్యంగా వస్తుందని గట్టి అనుమానం, పర్షియన్ జాతి పిల్లుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. దిగిన వృషణం ఒక్కటి చాలు పిల్లలు పుట్టడానికి, కాబట్టి జతకట్టడానికి వదలకూడదు. కేన్సర్ భయంతో మాత్రం తొందరపడక్కర్లేదు. లోపలి వృషణానికి కేన్సర్ రావడం కుక్కల్లో ఎక్కువ, పిల్లుల్లో అరుదు.

మత్తు ఇవ్వకముందే డాక్టర్‌ని ఒక్క మాట అడగండి: "గజ్జల్లో దొరక్కపోతే ఈరోజే పొట్ట తెరుస్తారా?" తెరవనంటే, బయటున్నదాన్ని కూడా ముట్టుకోవద్దని చెప్పి, ఆ ఆపరేషన్ చేయగల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.