దారి తప్పిన బంతిని కాచే డ్రైవర్: పింగ్ జి425 మ్యాక్స్‌ను చాలాకాలం వాడాక

పింగ్ జి425 మ్యాక్స్ ఒక గోల్ఫ్ డ్రైవర్, అంటే బంతిని అన్నిటికంటే దూరం కొట్టడానికి వాడే క్లబ్బు (కర్ర). అది నా బంతిని ఎక్కువ దూరం పంపిందని నేను చెప్పలేను. అయినా బెంగళూరులో నేను ఆడే రౌండ్లలో, ఇరుకైన హోల్ ఎదురైనా, బ్యాగులోంచి బెరుకు లేకుండా తీయగలిగిన డ్రైవర్ నాకు ఇదొక్కటే. ఫేస్ (బంతికి తగిలే ముఖం) నడిమధ్యన తగలని బంతిని కూడా ఇది గడ్డి పొట్టిగా కత్తిరించిన నడిదారి అయిన ఫెయిర్‌వే పరిసరాల్లోనే ఎక్కడో ఒకచోట నిలబెడుతుంది. ఈ సమీక్ష దాదాపుగా ఆ ఒక్క గుణం గురించే కనుక, ఎన్ని రకాల ఫేస్ వాలు కోణాల్లో, అంటే లాఫ్ట్‌లలో దొరుకుతుంది, ఏ రంగులో వస్తుంది వంటి సంగతులను వదిలివేస్తున్నాను. నా ఆట స్థాయి మాత్రం ముందే చెప్పడం న్యాయం. వయసు యాభై దాటింది, హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే మేలు) ఇరవైకి దగ్గరలో ఉంది, స్వింగ్ వేగం గంటకు తొంభై మైళ్ల లోపే, కేరీ, అంటే బంతి నేల తాకేలోపు గాలిలో పోయే దూరం, రెండు వందల గజాలకు అటూ ఇటూగా ఉంటుంది. ఇంతకంటే వేగంగా, నిలకడగా కొట్టేవారికి నా అభిప్రాయం ఎంతవరకు వర్తిస్తుందో వారే బేరీజు వేసుకోవాలి.

కొనేముందు దుకాణాల్లో మరికొన్ని కంపెనీల డ్రైవర్లను కూడా బంతి వేగాన్నీ దూరాన్నీ కొలిచే లాంచ్ మానిటర్ ముందు కొట్టి చూశాను. అక్కడ నాకు నచ్చని పద్ధతి ఒకటుంది. ప్రతి డ్రైవర్‌తోనూ కొన్ని బంతులు కొట్టిస్తారు, వాటిలో బాగా పక్కకు పోయినవాటిని "ఇది లెక్కలోకి రాదు సార్" అంటూ తెరమీద నుంచి తీసివేస్తారు, మిగిలిన మంచి షాట్ల సగటు చూపించి ఈ హెడ్ (డ్రైవర్ కొసన ఉండే దిమ్మ) మీకు ఎనిమిది గజాలు ఎక్కువ ఇస్తోంది అంటారు. మంచి షాట్ ఏ డ్రైవర్‌తో కొట్టినా మంచి షాటే. నాలాంటి ఆటగాడు డబ్బు పెట్టేది ఆ తీసివేసిన బంతుల కోసం కదా! అందువల్ల రెండో దుకాణంలో ఒక్క బంతిని కూడా తుడిచివేయవద్దని ముందే కోరాను. ఏ హెడ్‌తో బంతులు ఎంత వెడల్పున చెదిరాయో అప్పుడు మాత్రమే కనిపించింది. అన్నిటికంటే ఎక్కువ దూరం పంపిన డ్రైవర్ అన్నిటికంటే ఎక్కువ వెడల్పునా చెదరగొట్టింది. జి425 మ్యాక్స్ దానికి నాలుగైదు గజాలు వెనుకబడినా, దాని చుక్కలన్నీ తెరమీద ఒకచోట గుమిగూడి ఉన్నాయి. మానిటర్‌లో ఎత్తు అమరిక ఏమిటని కూడా అడగడం మంచిది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలుచన కనుక బంతి ఇక్కడ కొంత ఎక్కువ దూరం పోతుంది. ఒక దుకాణంలో ఆ ఎత్తును లెక్కలోకి తీసుకుని, మరో దుకాణంలో సముద్రమట్టానికి సరిచేసి అంకెలు చూపిస్తే, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి డ్రైవర్‌ను ఎంచుకోవడం అర్థం లేని పని.

దూరం విషయంలో పెద్ద తేడాలు రాకపోవడానికి కారణం నిబంధనల్లోనే ఉంది. ఆట నియమాలు నిర్ణయించే అమెరికా గోల్ఫ్ సంఘమూ ఆర్ అండ్ ఏ సంస్థా హెడ్ పరిమాణాన్ని 460 ఘన సెంటీమీటర్లకు పరిమితం చేశాయి. ఫేస్ స్ప్రింగులా ఎంత తన్నవచ్చో కూడా మైక్రోసెకన్లలో కొలిచి గీత గీశాయి. పెద్ద కంపెనీలన్నీ ఆ గీతను దాదాపు తాకుతూనే తయారు చేస్తున్నాయి కాబట్టి, నడిమధ్యన తగిలిన బంతికి అరవై వేల రూపాయల డ్రైవర్ ఇచ్చే వేగానికీ, దానికి ముందు తరం డ్రైవర్ ఇచ్చే వేగానికీ మధ్య నాబోటివాడు పసిగట్టగల తేడా ఉండదు. తేడా అంతా మధ్యకు అర అంగుళం అవతల తగిలినప్పుడే బయటపడుతుంది. బంతి టో (కర్రకు దూరంగా ఉన్న కొన) వైపు తగిలితే హెడ్ తెరుచుకునే దిశలో, అంటే కుడిచేతి ఆటగాడికి కుడివైపు, మెలితిరుగుతుంది, హీల్ (కర్ర దగ్గరి కొన) వైపు తగిలితే మూసుకునే దిశలో. ఆ మెలికను అడ్డుకునే జడత్వమే గోల్ఫ్ పరిభాషలో ఎంఓఐ. బరువంతా అంచున ఉన్న తిరగలి రాయిని వేలితో నెడితే తేలిగ్గా తిరగనట్టే, బరువును వెనక్కి, అంచులకు జరిపిన హెడ్ కూడా తేలిగ్గా తిరగదు. జి425 మ్యాక్స్‌లో 26 గ్రాముల టంగ్‌స్టన్ బరువును వెనుక అంచునే అమర్చారు.

దీనికీ నిబంధనల్లో హద్దు ఉంది. నిలువు అక్షం చుట్టూ 5900 గ్రాము చదరపు సెంటీమీటర్లు, దానిపైన కొలతలో తేడాకు 100. 2024లో వచ్చిన పింగ్ జి430 మ్యాక్స్ 10కె, టేలర్‌మేడ్ క్యూఐ10 మ్యాక్స్ డ్రైవర్లు ప్రకటించిన పదివేల అంకె పక్కలకు తిరిగే మెలిక, పైకీ కిందికీ తిరిగే మెలిక అనే రెండు అక్షాల విలువలను కలిపి చూపిన మొత్తం. అది తప్పుడు అంకె కాదు. అయితే నిబంధన పక్కలకు తిరిగే మెలికకు మాత్రమే హద్దు పెట్టింది కాబట్టి, ప్రకటనలోని పదివేలను ఆ 5900తో పోల్చి కొత్త డ్రైవర్ తప్పు షాట్లను దాదాపు రెట్టింపు క్షమిస్తుందని అనుకోనక్కర్లేదు.

మైదానంలో ఈ గుణం ఎలా కనిపిస్తుందో చెప్పాలి. చల్లఘట్టలో కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సును రూపొందించినది బ్రిటిష్ ఓపెన్‌ను అయిదు సార్లు గెలిచిన పీటర్ థామ్సన్. నీళ్లు, చెట్లు రెండూ ఆటగాడిని పరీక్షిస్తూనే ఉంటాయి. 1876 నాటి బెంగళూరు గోల్ఫ్ క్లబ్ నగరం నడిబొడ్డున ఉంది. అక్కడ దారి తప్పిన బంతికి క్షమ తక్కువ. పాత డ్రైవర్‌తో నా టో షాట్ గాలిలో లేచీ లేవగానే ఎటుపోతుందో నాకు తెలిసిపోయేది, బ్యాగు మోసే క్యాడీ మాట్లాడకుండా రెండో బంతి కోసం జేబులో చెయ్యి పెట్టేవాడు. ఇప్పుడు అదే టో షాట్ పదిహేను గజాలు తక్కువ పోతుంది, కుడివైపు మొదలై కాస్త మధ్యకు తిరుగుతుంది, కొద్దిగా పెరిగిన గడ్డి ఉండే సెమీ రఫ్‌లో ఆగుతుంది. చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక పెద్దవయసు క్యాడీ నా బ్యాగు తరచుగా మోస్తాడు. మొదట్లో ఒకరోజు బంతి దగ్గరికి వెళ్లి, ఫేస్ మీద టో పక్కన పడిన టీ (బంతిని నిలబెట్టే పుల్ల) రంగు మచ్చను చూపించి, "సార్, ఇక్కడ తగిలిన బంతి ఇక్కడ ఉండకూడదు" అన్నాడు. ఈ డ్రైవర్ గురించి నేను విన్న మాటల్లో ఇంతకంటే సూటి అయినది లేదు.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినప్పుడు, డ్రైవర్ దూరంలో ఆమె తనతో పతకానికి పోటీపడినవారి కంటే బాగా వెనుకబడే ఉంది. ఆమె ఆటతో మన ఆటకు పోలిక లేదు, నిజమే. అయినా పది గజాల కోసం ఏటా కొత్త డ్రైవర్ కొనే మిత్రులకు నేను ఈ ఉదాహరణే చెబుతుంటాను, వారు వినరు.

ఇక ఈ డ్రైవర్‌తో నేను పడిన అసలు ఇబ్బంది. అది హెడ్‌ది కాదు, దానికి తగిలించిన కర్ర, అంటే షాఫ్ట్‌ది. వెంట వచ్చిన షాఫ్ట్ కంటే తేలికైనది, కాస్త మెత్తనిది అయితే నా వేగానికి నప్పుతుందని తోచి, విడిగా ఒక షాఫ్ట్ కొని, బెంగళూరులోనే క్లబ్బులు బాగుచేసే ఒకతని దగ్గర దానికి స్లీవ్ (షాఫ్ట్‌ను హెడ్‌కు స్క్రూతో బిగించే గొట్టం) అతికించమని ఇచ్చాను. సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చాడు. అంత త్వరగా ఇవ్వడమే అనుమానించవలసిన విషయమని ఇప్పుడు ఈ పని తెలిసినవారు చెబుతున్నారు. కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత మెల్లగా బంతులు కుడికి పోవడం మొదలైంది. మధ్యన తగిలినవి కూడా. కోచ్ పట్టుకునే తీరు మార్చమన్నారు, నిలబడే తీరు మార్చమన్నారు. నేను రెండూ మార్చాను, బంతి మాత్రం తన దారి మార్చుకోలేదు. షాఫ్ట్ పైన చేత్తో పట్టుకునే తొడుగు అయిన నా గ్రిప్ అడుగున చేతికి తెలిసే గీత ఒకటుంటుంది. చేతులు ఆ గీతను నమ్మి పట్టుకుంటే ఫేస్ కొద్దిగా తెరుచుకుని కనిపించేది, ఫేస్‌ను సరిచేసి పెడితే గీత వేళ్ల కింద పక్కకు జరిగి ఉండేది. స్లీవ్ లోపల షాఫ్ట్ కొంచెం కొంచెంగా తిరుగుతోందన్నమాట.

అది పూర్తిగా బయటపడింది చెన్నైలో. ఎండాకాలంలో క్లబ్బులను కారు డిక్కీలో వేసుకుని బెంగళూరు నుంచి బయలుదేరాను. అవి ఆ రోజంతా ఆ వేడిలోనే ఉన్నాయి. మరునాడు ఉదయం నందనంలోని కోర్సులో మా బావమరిదితో ఆట. మొదటి రెండు హోళ్లు సజావుగానే గడిచాయి. మూడో టీ (హోల్ మొదలుపెట్టే చోటు) మీద కొట్టిన షాట్‌కు చేతుల్లో బరువు ఒక్కసారిగా మాయమైంది. బంతి ఎడమకు తక్కువ ఎత్తున పోయింది, హెడ్ దాని వెనకే గిరగిరా తిరుగుతూ గడ్డిలో పడింది. మా బావమరిది కాసేపు చూసి, "బావా, ఏది వెతకమంటావు?" అన్నాడు. హెడ్ తెచ్చి చూస్తే స్క్రూ బిగించినట్టే ఉంది, స్లీవ్ దాని లోపలే ఉంది, ఊడివచ్చింది షాఫ్ట్ ఒక్కటే. షాఫ్ట్ కొస మీద రంగు ఇంకా నిగనిగలాడుతోంది. అంటే అతికించేముందు దాన్ని గీకనే లేదు. గ్రాఫైట్ కొసపై ఉన్న పెయింటును గరుకు కాగితంతో పూర్తిగా తీసి, రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీతో అతికించి, ఒక రోజంతా కదపకుండా ఉంచితే తప్ప ఆ అతుకు ఇంత దెబ్బకు, ఇంత వేడికి ఆగదు. నిమిషాల్లో గట్టిపడే జిగురు కుర్చీ కాళ్లకు సరిపోతుందేమో, డ్రైవర్‌కు సరిపోదు. చెన్నైలోనే మరొక పనివాడు కొసను శుభ్రంగా గీకి, మళ్లీ అతికించి, రేపు రమ్మన్నాడు. ఆ రేపే నాకు నమ్మకం కలిగించింది. అప్పటి నుంచి స్లీవ్ మీద గీతా, షాఫ్ట్ మీద గుర్తూ ఎదురెదురుగానే ఉన్నాయి. ఆట మొదలుపెట్టేముందు ఆ రెండూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూసుకోవడం అలవాటైంది, షాఫ్ట్ మార్పించుకున్న ప్రతివారికీ అది పనికివచ్చే అలవాటే.

ఆ ప్రయాణంలో మరో సంగతి గమనించాను. చెన్నైలో బంతి బెంగళూరు కంటే అయిదారు గజాలు ముందే పడుతోంది. అక్కడి ఆటగాళ్లు దీనికి ఉక్కపోతను నిందిస్తారు. నిజానికి తేమ ఉన్న గాలి పొడి గాలి కంటే కాస్త తేలిక. తేడాకు కారణం సముద్రమట్టపు గాలి సాంద్రత. ఎండ వేడి ఆ తేడాను కొంత తగ్గిస్తుంది కూడా. అందువల్ల చెన్నైలో ఆడేవారు బెంగళూరు మిత్రులు చెప్పే గజాలను చూసి తమ డ్రైవర్‌ను అనుమానించనక్కర్లేదు.

లాఫ్ట్ మార్చుకునే స్లీవ్‌ను మొదట్లో నేను అందరి దగ్గరా పొగిడాను. ఎనిమిది స్థానాలు, అటూ ఇటూ ఒకటిన్నర డిగ్రీ వరకు మార్పు. 10.5 డిగ్రీల హెడ్‌ను 12 వరకు పెంచుకోవచ్చు. ఆ పొగడ్తను ఇప్పుడు కొంత తగ్గించుకుంటాను. ఏ కంపెనీ డ్రైవర్‌లోనైనా స్లీవ్‌తో లాఫ్ట్ పెంచితే నేల మీద పెట్టినప్పుడు ఫేస్ కొద్దిగా మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది. కాబట్టి అది లాఫ్ట్ మీట మాత్రమే కాదు, దిశను కూడా మారుస్తుంది. నాకు స్లైస్ (బంతి కుడికి వంగిపోయే లోపం) ఉంది కనుక ఒక డిగ్రీ పెంచి పెట్టుకున్నది అలాగే ఉంచేశాను. ఇంకెవరి చేతిలోనైనా అదే అమరిక బంతిని ఎడమ చెట్లలోకి పంపవచ్చు. ఎంఓఐ గురించి కూడా ఇంతే. తేలిగ్గా మెలితిరగని హెడ్‌ను కావాలని తిప్పడమూ కష్టమే. అధిక జడత్వం ఉన్న ఏ డ్రైవర్‌తోనైనా చెట్టు చుట్టూ బంతిని వంచాలనుకునే నేర్పరులకు అది విసుగు పుట్టించవచ్చు. అది స్లైస్‌ను నయం చేయదు కూడా. మధ్యకు దూరంగా తగిలిన షాట్‌ను కాస్తుందే తప్ప, తెరిచిన ఫేస్‌తో కొట్టిన షాట్‌ను సరిదిద్దదు. గట్టి స్లైస్ ఉన్నవారికి ఇదే వరుసలో హీల్ వైపు బరువు పెట్టిన ఎస్ఎఫ్‌టీ రకం ముందు కొట్టి చూడదగినది.

ధర విషయానికి వస్తే, అమెరికాలో 600 డాలర్ల చుట్టుపక్కల పలికే కొత్త తరం డ్రైవర్లు ఇక్కడికి వచ్చేసరికి యాభై, అరవై వేలు దాటుతున్నాయి. పింగ్ జి వరుసలో కొత్తది సాధారణంగా రెండేళ్లకొకసారి వస్తుంది; 2021 నాటి జి425 తర్వాత 2023లో జి430 రాగానే పాతదాని ధర దిగింది, నేను కొన్నది అప్పుడే, కొత్తదాని ధరలో సగానికి కొంచెం పైన. నా స్వింగ్ వేగానికి, నేను ఆడే చెట్ల మధ్య కోర్సులకు, ఏటా క్లబ్బుల మీద పెట్టగల డబ్బుకు ఇది సరైన కొనుగోలు అనిపిస్తోంది. గంటకు 105 మైళ్లు దాటి కొట్టే యువకుడికి బంతి తిరుగుడు తక్కువగా ఉండే ఎల్ఎస్‌టీ వంటి రకమే మేలు కావచ్చు, కొత్తది కొనే స్తోమత ఉన్నవారిని ఆగమని కూడా నేను చెప్పను. వాడినది కొనేవారు హోజెల్ (హెడ్‌లో షాఫ్ట్ దూరే మెడ) మీది సీరియల్ నంబరును సరిచూసుకోవాలి, నకిలీలు ఆన్‌లైన్‌లో చాలానే తిరుగుతున్నాయి. షాఫ్ట్ విడిగా కొనేవారికి ఒక సౌకర్యం ఉంది: జి410, జి425, జి430 డ్రైవర్లకు ఒకే స్లీవ్ సరిపోతుంది కనుక, రేపు హెడ్ మార్చుకున్నా, అతుకు గట్టిగా ఉన్నంతకాలం, ఈ షాఫ్ట్‌నే స్లీవ్‌తో సహా దానికి బిగించుకోవచ్చు.