ముగ్గురు అధ్యక్షుల పాఠం కిట్టు: కడపలో వాడి చూశాక

నేను సోషల్ టీచర్ని. కడప పక్కనే ఒక ప్రభుత్వ హైస్కూల్లో పద్దెనిమిదేళ్లుగా పాఠాలు చెప్తున్నాను. అమెరికా చరిత్రతో నాకు పని పడింది మాత్రం ఏడాదిన్నర కిందటే. డాలస్‌లో ఉండే మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేసి, "అక్కా, పాపకి హిస్టరీ అంటే భయం పట్టుకుంది. నువ్వు కథలాగా చెప్తావు కదా, వారానికో గంట కూర్చోబెట్టు" అన్నాడు. పాప పదకొండో తరగతి. దాని వెనక దాని స్నేహితులు నలుగురు చేరారు. ఇక్కడ ఆదివారం పొద్దున ఏడు గంటలకు, అక్కడ శనివారం రాత్రి ఏడున్నరకు, ఐదుగురు తెలుగు పిల్లలు స్క్రీన్ మీదికి వస్తారు.

వాళ్ల సిలబస్‌లో ప్రగతిశీల యుగం పెద్ద పాఠం. సుమారుగా 1900 నుంచి 1920 దాకా. థియోడర్ రూజ్‌వెల్ట్, టాఫ్ట్, విల్సన్ ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు అధ్యక్షులై పెద్ద కంపెనీలకు ముకుతాడు వేసిన కాలం. నాకు అంతంత మాత్రమే తెలిసిన విషయం కాబట్టి, టీచర్లు తాము తయారుచేసిన పాఠాలను అమ్మే ఒక వెబ్‌సైట్లో కిట్టు కొన్నాను. మన డబ్బుల్లో పదకొండు వందలు పడింది. ఐదు పీరియడ్లకు సరిపడా 46 పేజీల పీడీఎఫ్, స్లైడ్లు, పాత్రల కార్డులు, పాత కార్టూన్లు, చివర పరీక్ష పేపరు. అక్కడి పిల్లలకు రెండుసార్లు, మా తొమ్మిదో తరగతికి నో బ్యాగ్ డే శనివారాల్లో మూడుసార్లు వాడాను. కొనొచ్చా అని అడిగితే కొనండి అంటాను. అయితే ఉన్నది ఉన్నట్టుగా చెప్పేస్తే పిల్లలకు సగం చరిత్రే అందుతుంది. ఆ సగం గురించే ఎక్కువ రాస్తాను.

ముందు మంచి సంగతి. ఈ కిట్టులో అన్నిటికన్నా బాగున్నది 1902 బొగ్గు గనుల సమ్మె పాఠం. పెన్సిల్వేనియాలో లక్షా నలభై వేల మందికి పైగా కార్మికులు మే నెలలో పని ఆపేశారు. ఇరవై శాతం కూలి పెంచాలి, రోజుకు పది గంటలున్న పని ఎనిమిది గంటలు చేయాలి అని అడిగారు. ఊళ్లకు ఊళ్లు ఇళ్లు వెచ్చబెట్టుకునేది ఆ బొగ్గుతోనే. చలికాలం దగ్గర పడింది. అక్టోబర్ 3న రూజ్‌వెల్ట్ రెండు పక్షాలనూ పిలిచాడు. అంతకు నెల ముందే బండి ప్రమాదంలో కాలు దెబ్బతిని చక్రాల కుర్చీలో ఉన్నాడు. వైట్ హౌస్‌కు మరమ్మతులు జరుగుతున్నాయని వేరే ఇంట్లో సమావేశం. గని యజమానులు కార్మిక నాయకుడు జాన్ మిచెల్‌తో మాట్లాడటానికే ఒప్పుకోలేదు.

ఈ పాఠాన్ని కిట్టు నాటకంలా చేయిస్తుంది. క్లాసును నాలుగు గుంపులు చేస్తాం: కార్మికులు, యజమానులు, అధ్యక్షుడి మనుషులు, బొగ్గు లేక వణికే ఇళ్లవాళ్లు. ప్రతి గుంపుకూ రెండు కార్డులు, ఒక పాత ఉత్తరం. యజమానుల గుంపుకు దొరికేది వాళ్ల ప్రతినిధి జార్జ్ బేర్ ఆ వేసవిలో రాసిన ఉత్తరం. కార్మికుల మంచిచెడ్డలు చూసేది యూనియన్లు కాదు, దేవుడు ఆస్తి అప్పగించిన సజ్జనులే అని దాని సారాంశం. నేను దాన్ని తెలుగులో చదివి వినిపించాను. వెనక బెంచీలో ఎప్పుడూ గుసగుసలాడే పిల్లలు కూడా చేతులు ఎత్తారు. "దేవుడు ఆయనకి కాగితం రాసిచ్చినాడా మేడం?" అని ఒకమ్మాయి కోపంగా అడిగింది. పాత కాగితం ఒక్కటి సరిగ్గా ఎంచుకుంటే స్లైడ్లు ఇరవై ఉన్నా రాని కదలిక వస్తుంది. ఈ ఎంపికకు కిట్టు చేసినవాళ్లను మనసారా మెచ్చుకుంటున్నాను.

తర్వాత జరిగింది మాత్రం కిట్టులో లేదు. మా క్లాసులో ఒక అబ్బాయి ఉన్నాడు. వాళ్ల నాన్న నాపరాళ్ల గనిలో బండలు కోసే పని చేస్తాడు. వాడు ఎక్కువగా మాట్లాడడు. ఆ రోజు కార్మికుల గుంపులో ఉన్నాడు. కార్డు రెండు వైపులా తిప్పి చూసి అడిగాడు: "ఐదు నెల్లు పని ల్యాకుంటే వాళ్లు ఏం తినింటారు మేడం?"

కార్డు మీద కోరికలున్నాయి, తేదీలున్నాయి, కూలి లెక్కలున్నాయి. ఆ ప్రశ్నకు జవాబు లేదు. డాలస్ పిల్లలు రెండుసార్లు ఈ ఆట ఆడినా ఎవరికీ ఆ ప్రశ్న తట్టలేదు. వాళ్ల తప్పని అనను, వాళ్ల ఇంట్లో ఆ అవసరం రాలేదు. వారం రోజులు కూర్చుని చదివి వచ్చి వాడికి చెప్పాను: మెత్తబొగ్గు అనే వేరే రకం బొగ్గు గనుల్లో పనిచేసే కార్మికులు తాము సమ్మె చేయకుండా పనిలోనే ఉండి, తమ కూలిలోంచి చందా తీసి పంపారు. చాలామంది ఆ ఊళ్లు వదిలి వేరే పనులకు వలస వెళ్లారు. వలస అనగానే క్లాసంతా తలలూపింది. బతుకుదెరువుకు బెంగుళూరు పోవడం ఇక్కడ ఏ ఇంటికీ కొత్త కాదు.

ఆ సమ్మె ముగింపు కూడా కిట్టు తొందరగా తేల్చేసింది. రూజ్‌వెల్ట్ ఒక కమిషన్ వేశాడు, పదిశాతం కూలి పెరిగింది, పని తొమ్మిది గంటలైంది అని రెండు వాక్యాలు. ఆ కమిషన్‌లో కార్మికుల మనిషి ఉండటానికి యజమానులు ఒప్పుకోలేదు. 'పేరున్న సామాజిక శాస్త్రవేత్త' కోసం ఉంచిన సీటులో రూజ్‌వెల్ట్ రైల్వే కండక్టర్ల యూనియన్ నాయకుడిని కూర్చోబెట్టాడు. పిల్లలకు ఇది చెప్పి చూడండి. పేరు మారిస్తే సీటు దొరుకుతుందన్న సంగతి వాళ్ల మనసులో ఉండిపోతుంది. అంత చేసినా యూనియన్‌కు అధికారిక గుర్తింపు మాత్రం రాలేదు. అది కూడా చెప్పాలి.

మాటల విషయంలో తెలుగు టీచర్లకు ఒక హెచ్చరిక. 'ట్రస్ట్' అన్న మాట దగ్గర నేను పూర్తిగా ఇరుక్కుపోయాను. మన పిల్లలకు ట్రస్ట్ అంటే అన్నదానం చేసేది, గుడి నడిపేది. "రూజ్‌వెల్ట్ ట్రస్టులను పగలగొట్టాడు" అని చెప్తే, పాపం ఎందుకు పగలగొట్టాడు అని అడిగారు. గుత్త కంపెనీ అని మార్చి చెప్పాకే దారిలో పడ్డారు. పక్ అనే అమెరికా వ్యంగ్య పత్రికలో 1904లో వచ్చిన కార్టూను కిట్టులో ఉంది. స్టాండర్డ్ ఆయిల్ అనే గుత్త చమురు కంపెనీ ట్యాంకు ఆక్టోపస్‌లా కూర్చుని ఒక చేత్తో అమెరికా చట్టసభ భవనాన్ని చుట్టేసి, ఇంకో చేయి వైట్ హౌస్ వైపు చాచి ఉంటుంది. మగపిల్లలు ఆక్టోపస్ అనగానే "పోలీసులా మేడం?" అన్నారు. మన రాష్ట్రంలో కమాండో దళం పేరు అదే మరి. ముందు ఆ జంతువు ఫొటో చూపించండి. ఆ కార్టూను తప్పకుండా రంగుల్లో తీయించండి. తెలుపు నలుపులో చేతులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

ప్రింటు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఈ పేజీలు అమెరికా కాగితం కొలతకు చేసినవి. ఏడు రోడ్ల దగ్గర జిరాక్సు షాపులో నలభై సెట్లు తీయించి ఇంటికొచ్చి చూస్తే ప్రతి పేజీలో కుడివైపు చివరి అక్షరాలు లేవు. మన ఏ4 కాగితం పొడవు ఎక్కువ, వెడల్పు తక్కువ. పేజీకి సరిపెట్టే సెట్టింగు పెట్టి తీయమని షాపులో ముందే చెప్పండి.

కిట్టులో నాకు బాధ కలిగించిన భాగం విల్సన్ పాఠం. 1913లో ఫెడరల్ రిజర్వ్ అనే కేంద్ర బ్యాంకు, 1914లో గుత్త కంపెనీలను అదుపు చేసే క్లేటన్ చట్టం, వ్యాపారాల మీద కన్నేసి ఉంచే ట్రేడ్ కమిషన్, 1916లో బాలకార్మికుల చట్టం అని పట్టిక వేసి, పక్కన సరి గుర్తులు పెట్టారు. ఆ బాలకార్మికుల చట్టాన్ని రెండేళ్లకే, 1918లో, సుప్రీంకోర్టు కొట్టేసింది. ఐదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఒకవైపు. కేసు నడిచింది కొడుకులను బట్టల మిల్లులో పెట్టిన ఒక తండ్రి పేరు మీద. పిల్లల పనికి దేశమంతటా అడ్డుకట్ట వేసే చట్టం నిలబడింది 1938లో. పట్టికలో ఇదేదీ లేదు. విల్సన్ హయాంలో ప్రభుత్వ ఆఫీసుల్లో నల్లజాతి ఉద్యోగులను విడిగా కూర్చోబెట్టారు, 1914 నుంచి ఉద్యోగం దరఖాస్తుకు ఫొటో అంటించమన్నారు. దాని గురించి ఒక్క ముక్క లేదు. డాలస్ పిల్లల్లో ఒకడు స్కూల్లో వేరే పుస్తకంలో చదివి వచ్చి, "ఆంటీ, ఇది సంస్కరణ ఎలా అవుతుంది?" అని అడిగాడు. నా దగ్గర ఉన్న పేజీలో జవాబు లేక ఆ రోజు పాఠం ఆపేసి, తర్వాతి వారం అదొక్కటే చెప్పాను.

టాఫ్ట్‌కు అర పేజీ ఇచ్చారు, అందులోనూ సగం ఆయన లావు గురించి. ఇది నాకు అస్సలు నచ్చలేదు. గుత్త కంపెనీల మీద రూజ్‌వెల్ట్ ఏడున్నరేళ్లలో వేసిన కేసుల కంటే టాఫ్ట్ నాలుగేళ్లలో ఎక్కువ వేయించాడు. స్టాండర్డ్ ఆయిల్ ముక్కలవ్వాలని తీర్పు వచ్చింది 1911లో, ఆయన ఉన్నప్పుడే. 1912లో పిల్లల బాగోగులు చూసే చిల్డ్రన్స్ బ్యూరో పెట్టి, దానికి జూలియా లాత్రప్ అనే మహిళను అధిపతిని చేశాడు. పిల్లలకు చెప్పాల్సింది ఇది.

పిల్లల పని గురించి కిట్టులో ఒక్క ఫొటో కూడా లేదు కాబట్టి నేనే వెతుక్కున్నాను. లూయిస్ హైన్ మిల్లులు, గనులు తిరిగి తీసిన ఫొటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్లో ఐదు వేలకు పైగా ఉన్నాయి. డబ్బులు కట్టక్కర్లేదు, పెద్ద సైజులో దింపుకోవచ్చు. ఆయన తన కోటు గుండీల ఎత్తు ముందే కొలిచిపెట్టుకుని, పిల్లలు పక్కన నిలబడితే ఎవరూ గమనించకుండా వాళ్ల ఎత్తు లెక్కేసేవాడు. 1908 నవంబర్ 30న సౌత్ కరోలినాలో ఒక నూలు మిల్లులో తీసిన ఫొటో ఉంది. పొడుగాటి యంత్రం, దాని పక్కన ఒక చిన్నపాప. ఆమె ఎత్తు 48 అంగుళాలని, ఆర్నెల్ల నుంచి పనిలో ఉందని కింద రాసిపెట్టాడు.

48 అంగుళాలంటే ఎంత అని పిల్లలను అడిగితే గాల్లో చేతులు పెట్టి తలా ఒక ఎత్తు చూపించారు. స్కేలు తెప్పించి గోడ మీద కొలిచి సుద్దముక్కతో గీత గీశాను. పక్కనే ఉన్న ప్రైమరీ స్కూలు నుంచి మూడో తరగతి పాపను టీచర్ని అడిగి పిలిపించాం. వచ్చి నవ్వుతూ గోడకు ఆనుకుని నిలబడింది. గీత సరిగ్గా ఆమె తల మీద ఉంది. క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. పాపకు చాక్లెట్ ఇచ్చి పంపేశాక, ఒక అమ్మాయి తన తమ్ముడు సెలవుల్లో ఇటుకల బట్టీ దగ్గర నీళ్లు మోస్తాడని చెప్పింది. ఇంకొకరు మిరపకాయల కోతల గురించి చెప్పారు. కోతలు ఎప్పుడో క్యాలెండర్ చూడకుండా నా హాజరు పట్టీ చూసి చెప్పొచ్చు. ఆ రోజే మన రాజ్యాంగం 24వ అధికరణ చదివించాను. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో, గనుల్లో పెట్టకూడదని అది చెప్తుంది. ఏటా ఆ అధికరణ చెప్తూనే ఉన్నాను. అంత శ్రద్ధగా విన్నది మాత్రం ఈసారే.

చివరి పేజీలో ఉన్న మార్కుల షీటును నేను వాడటం మానేశాను. ముగ్గురిలో గొప్ప సంస్కర్త ఎవరు, పదికి ఎన్ని వేస్తారు అని అడుగుతుంది. పిల్లలు క్రికెట్ ఆటగాళ్లను పోల్చినట్టు పోలుస్తారు, గనిలో దిగినవాళ్లు లెక్కలోంచి జారిపోతారు. దాని బదులు బోర్డు మీద మూడు గడులు గీస్తున్నాను: ఎవరు అడిగారు, ఎవరు సంతకం పెట్టారు, ఎవరికి అందలేదు. 1906 మాంసం తనిఖీ చట్టం తీసుకోండి. అప్టన్ సింక్లెయిర్ షికాగో మాంసం ఫ్యాక్టరీల్లో కూలీల బతుకు చూపించాలని నవల రాశాడు. జనం తమ పళ్లెంలోకి వచ్చే మాంసం గురించి గగ్గోలు పెట్టారు. రూజ్‌వెల్ట్ జూన్ 30న సంతకం పెట్టాడు, ఆహార కల్తీ చట్టం మీద కూడా అదే రోజు. మాంసం శుభ్రపడింది. కూలీలు మూడో గడిలోనే మిగిలారు. ఈ గడి నింపడానికి మా పిల్లలు పోట్లాడుకుంటారు, అదే నాకు కావాలి.

కిట్టు అమ్మినవాళ్లకు ఇవన్నీ మర్యాదగా రాసి పంపాను. విల్సన్ పేజీ సరిచేస్తామని జవాబు ఇచ్చారు. సమ్మెలో కార్మికులు ఎలా బతికారన్న దాని మీద నేను తెలుగులో రెండు పేజీలు, పాత్రల కార్డులకు ఏ4 కొలతలో తెలుగు అనువాదం తయారుచేశాను. కార్డుల అనువాదం కిట్టు కొన్నవాళ్లకే ఇవ్వగలను, అది వాళ్ల సొత్తు. రెండు పేజీలు మాత్రం ఏ సోషల్ టీచర్ అడిగినా పంపిస్తాను.