జాజు పొడి, కిలో ప్యాకెట్: ఐదుకు నాలుగు స్టార్లు

దసరాకు అరుగులు అలకడానికి కొన్నాను. ఇది అసలు జాజే. బకెట్ నీళ్లలో కలిపి రాత్రంతా వదిలేస్తే ఎర్రటి మెత్తని మట్టి అడుక్కు దిగింది, పైన నీళ్లు తేటపడ్డాయి. పోయినేడు వేరే కొట్లో తెచ్చింది రంగు కలిపిన సుద్ద. నీళ్లు గులాబీగానే ఉండిపోయాయి, వారం ఎండకే అరుగు వెలిసిపోయింది. చాలా బాధేసింది.

జాజు ఎరుపు హెమటైట్‌ది, అంటే ఇనుము ఆక్సిజన్‌తో కలిసిన ఖనిజం. అప్పటికే తుప్పుగా మారిన ఇనుమును ఎండ ఏం చేస్తుంది? మా ఎర్ర చెలకల రంగూ దానిదే. గోథైట్, అంటే నీరు కూడా కలిసిన ఇనుప ఖనిజం, ఎక్కువుంటే మట్టి పసుపుపచ్చగా ఉంటుంది, కాలిస్తే అందులోని నీరు పోయి అదీ ఎర్రబడుతుంది.

ఇసుక పలుకులు ఉన్నాయి, పల్చటి గుడ్డలో వడగట్టుకోవాలి. ఆ ఒక్క స్టార్ అందుకే తగ్గించాను. ముగ్గు మాత్రం దాని మీద తెల్లగా మెరిసింది.