డయాలసిస్ మూత్రపిండంలో రెండు కణితులు: ఒక పోలిక

ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవారి మూత్రపిండాలు కుంచించుకుపోయి, వాటి నిండా తిత్తులు ఏర్పడతాయి. అటువంటి మూత్రపిండాన్ని కోసి చూస్తే ఒకటికి మించి కణితులు, అవీ వేర్వేరు రకాలవి, కనిపించడం అరుదేమీ కాదు. వాటిలో ఈ తిత్తుల వ్యాధికే పరిమితమైన క్యాన్సర్ ఒకటి, క్లియర్ సెల్ పాపిల్లరీ కణితి మరొకటి. రెండవది ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండంలోనూ పుట్టగలదు. 2016 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో రెండూ చోటు పొందాయి.

మొదటిదాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే, గులాబీ రంగు కణాల మధ్య చిన్న చిన్న రంధ్రాలతో జల్లెడలాంటి అల్లిక కనిపిస్తుంది. కణితి లోపలే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉండి, పోలరైజ్డ్ కాంతి (ఒకే తలంలో కంపించే కాంతి) పడగానే తళుక్కుమంటాయి. నా దృష్టిలో ఇంతకంటే తేలికగా పట్టిచ్చే గుర్తు లేదు, అయితే స్ఫటికాలు లేనంత మాత్రాన ఈ నిర్ధారణను తోసిపుచ్చకూడదు. రెండవదానిలో కణాలు తేటగా ఉంటాయి. వాటి కేంద్రకాలు అడుగుపొరకు దూరంగా, దాదాపు ఒకే వరుసలో నిలుస్తాయి.

అనుమానం మిగిలితే, కణాల్లోని సైటోకెరాటిన్ 7 అనే ప్రొటీన్‌ను రంగుతో చూపే పరీక్ష ఆదుకుంటుంది: రెండవది అంతటా గాఢంగా రంగు పట్టుకుంటుంది, మొదటిది సాధారణంగా పట్టుకోదు, పట్టినా అక్కడక్కడే.

ప్రవర్తనలోనూ తేడా ఉంది. మొదటిది తరచూ స్కానింగుల్లో తొలిదశలోనే బయటపడుతుంది కాబట్టి ఫలితాలు ఎక్కువగా బాగానే ఉన్నా, ఇతర అవయవాలకు పాకిన సందర్భాలు నమోదయ్యాయి. రెండవది చాలా సాధువైనది కావడంతో, 2022 వర్గీకరణ దాని పేరులోంచి ‘కార్సినోమా’ (క్యాన్సర్)ను తీసేసి ‘ట్యూమర్’ (కణితి) అని మాత్రమే ఉంచింది.