బయటి తిండి, పదిహేనేళ్ల లెక్క

మందుల కంపెనీలో చేరిన 2010 నుంచి నేను మధ్యాహ్నం ఇంట్లో తిన్నది ఆదివారాలూ పండగలూ మాత్రమే. ఉండేది కోనసీమలోని అమలాపురం. సోమవారం రాజోలు, మలికిపురం. మంగళవారం అంబాజీపేట, పి.గన్నవరం. బుధవారం రావులపాలెం వైపు. గురువారం ముమ్మిడివరం మీదుగా యానాం. శుక్రవారం చించినాడ వంతెన దాటి పాలకొల్లు, నరసాపురం. శనివారం ఊళ్లోనే ఉంటాను గానీ డాక్టర్లు మధ్యాహ్నందాకా వదలరు. పొద్దున గ్యాస్ మాత్రల శాంపిళ్లు పంచడం, మధ్యాహ్నం ఆ మాత్ర అవసరమయ్యేలా తినడం, ఇదీ నా ఉద్యోగం.

చుట్టాలెవరైనా ఇటు వస్తున్నారంటే ముందు నాకే ఫోన్ చేస్తారు, "ఏ హోటల్ బావుంటుందిరా?" అని. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఏ నెలలో వస్తున్నారు, ఎన్నింటికి దిగుతారు, ఏం తినాలనుంది, ఇవి చెబితే చెప్పగలను. అన్నీ బాగా చేసే హోటల్ నాకింతవరకు ఒక్కటీ తగల్లేదు. ఒక్కోచోట ఒక్కటే బావుంటుంది, అదీ గంటో రెండు గంటలో. పేర్లు రాసినా పెద్దగా పనికిరావు. మా వైపు హోటల్‌కి బోర్డు మీద పేరొకటి, జనం నోట్లో పేరొకటి. బోర్డు మీద దేవుడి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, దారి అడిగితే మాత్రం 'చెట్టు కింద హోటల్' అంటేనే చెబుతారు.

టిఫిన్ సంగతికొస్తే మంగళవారం నాకు పండగ. అంబాజీపేట పొట్టిక్కల కోసం ఆ రోజు ఏడుకే బండి తీస్తాను. పనసాకుల్ని కొబ్బరి ఈనెలతో కుట్టి చిన్న బుట్టలా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి పెడతారు. ఉడికాక ఆకు వలుస్తుంటే వేళ్లు కాలతాయి, ఆ వాసన ముక్కుకి తగులుతుంది. అసలు రుచి ఆ వాసనదే. మామూలు ఇడ్లీకీ దీనికీ పిండిలో పెద్ద తేడా లేదు, తేడా అంతా ఆకులో ఉంది. ఎనిమిదిన్నర దాటాక వెళ్లొద్దు. పెద్ద వాయి అయిపోయి, మిగిలినవి పాత్రలో నీళ్లూరి అడుగు మెత్తబడతాయి. వేరే ఊళ్లో ఒకచోట స్టీలు గిన్నెలో అడుగున ఒక్క ఆకు పరిచి ఇడ్లీ వేసి, పొట్టిక్కంటూ రెట్టింపు డబ్బు తీసుకున్నారు. ఆ బోర్డు ఇంకా ఉంది. నేను మాత్రం మళ్లీ వెళ్లలేదు.

పాలకొల్లు దిబ్బరొట్టె ఇంకో రకం. అది ఆకలి మీద వెళ్లి తినేది కాదు, వెళ్లి ఆకలి తెచ్చుకుని తినేది. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి మందపాటి గిన్నెలో పోసి, కిందా నిప్పులే, మూత మీదా నిప్పులే. పైన ఎర్రగా పెళుసుగా కాలాలి, లోపల దూదిలా ఉండాలి. దానికి ఎంత సేపు పడితే అంత సేపు నిలబడాలి. చెరకు పానకం పోసుకుని తినేవాళ్లని మొదటిసారి చూసి మొహం చిట్లించాను, రెండోసారి నేనూ పోయించుకున్నాను. అల్లం పచ్చడితో సగం, పానకంతో సగం తినడం ఇప్పుడు నా పద్ధతి. పార్శిల్ మాత్రం కట్టించుకోకండి. కవర్లో పదిహేను నిమిషాలుంటే ఆవిరి పట్టి ఆ పెంకు పోతుంది, ఇంటికొచ్చేసరికి అది రొట్టె కాదు, తడి స్పాంజి. గ్యాస్ పొయ్యి మీద వేసే చోట్లూ పెరిగాయి. తప్పనను, బొగ్గు ఖరీదు నాకూ తెలుసు. కానీ పైభాగం కాలదు కాబట్టి తిరగేసి కాలుస్తారు, దాంతో లోపలి మెత్తదనం అణిగిపోతుంది.

ఇక భోజనం. కొత్త ఊళ్లో హోటల్ ఎలాంటిదో తేల్చడానికి నేను చూసేవి రెండే: చారు, పెరుగు. కూరలు ఎవరైనా మసాలాతో నెగ్గుకొస్తారు. పన్నెండున్నరకి తిన్న చారు, రెండున్నరకి మళ్లీ తినండి. చాలాచోట్ల అది చారు కాదు, చారు గిన్నె కడిగిన నీళ్లు. జనం పెరిగిన కొద్దీ నీళ్లు పెరుగుతాయన్నమాట. అమలాపురం గడియార స్తంభం దగ్గర్లో నేను శనివారాలు తినే మెస్ ఓనరు రెండు కాగానే తలుపు దగ్గరికి వేసేస్తాడు. లోపల అన్నం ఉందని తెలిసినా పెట్టడు. "కూర అయిపోయిందండి, మజ్జిగ తాగెళ్లండి" అని గ్లాసు చేతికిస్తాడు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ మనిషి మీద గౌరవం. నేను చేరిన కొత్తలో అక్కడ భోజనం యాభై, ఇప్పుడు నూట ఇరవై. ఆ పెరుగుదల మీద నాకు ఫిర్యాదు లేదు.

అన్నం గురించి ఒక మాట చెప్పకపోతే మా నాన్న ఊరుకోరు. ఆయన రైతు. మా పక్కనే మార్టేరు పరిశోధనా కేంద్రం ఉంది, 1982లో స్వర్ణ రకాన్ని, అంటే ఎంటీయూ 7029ని, ఇచ్చింది అక్కడే. ఈ డెల్టాలో ఎన్ని చేలు దాంతో పండాయో లెక్కలేదు. అలాంటిచోట హోటల్ వాళ్లు మాత్రం సన్నబియ్యం అన్నం కాకపోతే జనం రారని బయటి రకాలే తెప్పిస్తారు. సన్నన్నంలో ముద్దపప్పు, ఆవకాయ కలిపితే ముద్ద నిలబడదు, వేళ్ల మధ్య జారిపోతుంది. కాస్త లావు గింజ, కాస్త పాతబియ్యం వండే మెస్సులు నా దారిలో మూడున్నాయి. మూడూ పల్లెటూళ్లలోనే.

శాకాహారానికి కార్తీక మాసం మంచి కాలమని అందరూ అంటారు. నా అనుభవం తిరగబడి ఉంది. ఆ నెల్లో మాంసం మానేసిన జనమంతా వచ్చి పడతారు, వంటవాళ్లకి ఊపిరాడదు, పప్పు ఉడక్కుండానే దింపుతారు. నా మాట వింటే వేసవికి ముందు రండి, పనసపొట్టు కూర కోసం. లేత పనసకాయని కత్తితో సన్నగా పొట్టుగా కొట్టి, ఉడకబెట్టి, పోపు పెట్టి, దింపాక ఆవపిండి నూరి కలుపుతారు. ఆ ఆవ ఘాటు మాడుకెక్కాలి. పొద్దున్నే కలిపి పెట్టిన కూరలో ఘాటు పోయి చేదు మిగులుతుంది. కాబట్టి ఇక్కడా గడియారమే. మొదటి పంక్తిలో కూర్చోండి.

కాకినాడలో కంపెనీ మీటింగులున్నప్పుడు సుబ్బయ్య గారి హోటల్‌కి వెళ్తాం. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, బుట్ట భోజనం ఊరూరా తెలుసు. ఒక్క సలహా: పొద్దున టిఫిన్ మానేసి వెళ్లండి. వడ్డించేవాళ్లు వద్దంటే వినరు, ఆకులో ఖాళీ కనబడితే వాళ్లకి మనసొప్పదు.

చేపల దగ్గర నేను మోసపోయాను, ఒప్పుకుంటాను. 2019లో హైదరాబాద్ నుంచి మా ఏరియా మేనేజర్ వచ్చాడు, పులస తినాలన్నాడు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఆయనకీ ఎవరో చెప్పారు. హైవే పక్కన పెద్ద హోటల్ ఒకటి, పులస పులుసు రెడీ అని బ్యానర్. రెండు ముక్కలకి తొమ్మిది వందలు తీసుకున్నారు. మేనేజర్ లొట్టలేసుకుంటూ తిన్నాడు. నేను మొదటి ముద్దకే తెలుసుకున్నాను, అది సముద్రపు విలస అని. అసలు అది జూన్ మొదటి వారం. గోదారికి ఎర్రనీరే రాలేదు, పులస ఎక్కడిది? వరద నీరు సముద్రంలో కలిశాక, ఆ నీటికి ఎదురీదుతూ పైకొచ్చిన విలసే పులస అవుతుంది. ఈదిన కొద్దీ దాని రుచి మారుతుంది. నెల చూసుకోకుండా బ్యానర్ చూసి వెళ్లింది నేనే, ఆ బాధ ఎవరికి చెప్పుకుంటాం! అప్పట్నుంచి నా నియమం, పులస హోటల్లో తినను. ఆగస్టులో యానాంలో తెలిసిన చేపల ఆవిడ దగ్గర, నలుగురం కలిసి డబ్బులేసుకుని ఒకటి కొంటాం. మట్టికుండలో, బెండకాయలు వేసి, సన్న సెగ మీద మా ఆవిడ వండుతుంది. ఆ రోజు ముట్టుకోనివ్వదు, మర్నాడే తినాలంటుంది.

పులస మోజులో పడి జనం చౌకగా దొరికే మంచివన్నీ వదిలేస్తున్నారు. మెత్తళ్ల వేపుడు, చింతచిగురులో ఎండురొయ్యలు, తూర్పుగాలి తిరిగాక వచ్చే చీరమేను. చీరమేనుని కిలోల్లో కాదు, గ్లాసులతోనో గిన్నెలతోనో కొలిచి అమ్ముతారు, అంత చిన్న చేపపిల్లలవి. దాన్ని గారెల్లా వేసే చోటొకటి యానాం దారిలో ఉంది, ఏడాదికి ఇరవై రోజులుంటుందేమో ఆ ముచ్చట.

రొయ్యల కూర తినేటప్పుడు కౌంటు అడగండి, సిగ్గుపడకండి. కిలోకి ముప్ఫై తూగితే ముప్ఫై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. చెరువుల మధ్య పెరిగిన హోటల్ వాళ్లకి ఈ భాష బాగా తెలుసు. జబ్బు భయంతో ముందే పట్టేసిన వంద కౌంటు వనామీ, అంటే చెరువుల్లో పెంచే రొయ్య, హోటళ్లకి చౌకగా వస్తుంది, ఇగురులో వేస్తే అల్లం వెల్లుల్లి తప్ప ఏమీ తెలియదు.

నేను ఈ పదిహేనేళ్లలో ఎక్కువసార్లు తిన్నది రాజోలు దగ్గర ఒక ఇంటి మెస్‌లో. ఆరు బల్లలు, వెనక పెరట్లో పొయ్యి. నడిపేది ఒక పెద్దావిడ, అందరం పిన్నిగారూ అంటాం. ఒక సోమవారం రొయ్యల ఇగురు చెప్పాను. ఆవిడ వంటింటి గుమ్మంలోంచే అంది, "ఇవాళ రొయ్య బాలేదు బాబూ, నువ్వు తినకు. గుడ్డు పొరటు చేయిస్తానుండు." పక్క బల్ల మీద ఇద్దరు అదే రొయ్య తింటున్నారు, చేతులు ఆగిపోయాయి వాళ్లకి. ఆవిడ కంగారుపడి, "అయ్యో, మీది నిన్నటి సరుకు కాదండీ, అది వేరు!" అంది. నిజమో అబద్ధమో నాకిప్పటికీ తెలీదు. వాళ్లు మాత్రం పూర్తిగా తిని, డబ్బులిచ్చి వెళ్లారు. అన్నిసార్లు నన్ను కాపాడిన మనిషే కానీ, ఆ రోజు సంగతి రాయకపోతే ఇది సమీక్ష కాదు, పొగడ్త అవుతుంది.

వైన్ షాపుల గురించి కూడా అడుగుతారు. ముందు ఒక మాట, మా వైపు వైన్ షాపులో వైన్ తప్ప అన్నీ ఉంటాయి. 2019 అక్టోబరు నుంచి ఐదేళ్లు ఆంధ్రాలో దుకాణాలన్నీ ప్రభుత్వమే నడిపింది. ఎప్పుడూ వినని బ్రాండ్లు, తెలిసిన సీసా అడిగితే లేదనే మాట. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకిచ్చాక పేర్లు తిరిగొచ్చాయి. యానాంకి ఆ గొడవేం లేదు. 1954 దాకా ఫ్రెంచి వాళ్లది, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం, పన్ను లెక్క వేరు, ధర తక్కువ. గురువారం వచ్చిందంటే మా ఆఫీసులో ఇద్దరికి నా మీద ప్రేమ పుట్టుకొస్తుంది. నేను తేను. ఎదుర్లంక వంతెన దగ్గర ఎక్సైజు వాళ్లు శాంపిళ్ల బ్యాగు తెరిపించారంటే ఉద్యోగం టెన్షన్. నేను తాగేది కూడా అంతంతే. అయినా యానాంలో బార్లకి వెళ్తాను, పీతల వేపుడు కోసం. జనం ఎప్పుడూ ఉంటారు కాబట్టి సరుకు నిలవుండదు. మధ్యాహ్నం ఒంటిగంటకి సోడా చెప్పి పీతలు తినేవాణ్ణి చూసి సర్వరు జాలిపడతాడు, అంతే నష్టం.

మిఠాయిల్లో ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది వచ్చాక హైవే మీద ప్రతి కొట్టూ ఆత్రేయపురమే అయింది. ఊళ్లోకి వెళ్తే బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పైన బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ ఒక్క విసురు, రేకు లేచొస్తుంది. కొనేముందు ఒకటి అక్కడే విరవండి. చప్పుడు లేకుండా వంగిందంటే అది రెండు రోజుల కిందటిది. బెల్లం, నెయ్యి చాలు. జీడిపప్పూ బాదమూ చాకొలెట్టూ కూరిన రేకు నాకెక్కదు, కాగితంలో పచారీ సామాను చుట్టినట్టుంటుంది. జీడిపప్పే కావాలంటే మోరి అనే ఊళ్లో కొనుక్కుని కూర వండుకోండి. కాజా గొడవలో నేను తాపేశ్వరం మడతకాజా పక్షం, మా ఆవిడది కాకినాడ గొట్టం కాజా. పదిహేనేళ్లుగా రాజీ లేదు.

2022లో నాకు షుగరు బయటపడింది. చెప్పింది నేను వారం వారం కలిసే డాక్టరే. "మీ కంపెనీ మాత్రే రాస్తున్నానండి" అని నవ్వాడు. అప్పట్నుంచి పానకం మానేశాను, అన్నం తగ్గించాను, పూతరేకు పండక్కి ఒకటి. ఆ జులైలోనే పెద్ద వరదొచ్చింది. లంకల్లో నీళ్లు తగ్గేదాకా కూరగాయలు లేవు, మెస్సుల్లో పప్పుచారు, అప్పడం, అంతే. చెబితే నమ్మరు, పప్పుచారు ఆ వారం ఉన్నంత బాగా ఎప్పుడూ లేదు. చేయడానికి అదొక్కటే ఉంది మరి.

పోయినేడు రాజోలు పిన్నిగారికి మోకాలి ఆపరేషన్ అయింది. రెండు నెలలు మెస్ మూసేశారు. తెరిచాక కోడలు వండుతోంది. మొదటి సోమవారం వెళ్తే ఆరు బల్లల్లో రెండే నిండాయి. పిన్నిగారు లోపల కుర్చీలో కూర్చుని ఉంది. నేను చారులోకి వచ్చేదాకా ఆగి, "ఎలా ఉంది బాబూ?" అని అడిగింది. కోడలు గరిటె పట్టుకుని నా మొహమే చూస్తోంది. మిరియం సరిపోయింది పిన్నిగారూ, ఉప్పు చిటికెడు తగ్గింది అన్నాను. పై సోమవారం ఉప్పు సరిపోయింది, మిరియం ఎక్కువైంది. అదీ చెప్పాను.