పాయింట్ 22 స్పోర్ట్ పిస్టల్: మొదటి 100 రౌండ్లలో తేలిందేమిటంటే

గురి బాగుంది, పట్టే కాస్త లావు. చెక్క గ్రిప్‌ను ఉప్పు కాగితంతో కొంచెం కొంచెంగా అరగదీసుకోవాలి. 25 మీటర్ల పోటీలో ట్రిగ్గర్ బరువు 1000 గ్రాములకు తగ్గకూడదు. తూకపురాయి వేలాడదీసి చూస్తే నిలిచింది.

పేచీ అంతా తూటాలు నింపే మేగజైన్‌తోనే. ఈ తూటాకు అడుగున అంచు ఉంటుంది. 5 తూటాలు నింపేటప్పుడు పైదాని అంచు కిందిదాని అంచుకు ముందుండాలి. వెనకపడిందా, రెండూ మెలికపడి తూటా లోపలికి ఎక్కడం ఆగిపోతుంది. ఖాళీ తొడుగు నిలువుగా ఇరుక్కుంటే ముందు మీ మణికట్టు చూసుకోండి: వదులైతే స్లైడ్ (పేలినప్పుడు వెనక్కి జరిగే భాగం) పూర్తిగా వెనక్కి రాదు. తూటా మీది మైనం చాంబర్ (తూటా కూర్చునే గది) నోటి దగ్గర జిగురులా పేరుకుంటుంది, బ్రష్ తప్పదు. పేలకపోతే గొట్టం గురివైపే ఉంచి 30 సెకన్లు ఆగండి.

తూటా లేకుండా ఉత్తి ట్రిగ్గర్ నొక్కి సాధన చేయొద్దు. తూటాను పేల్చే పిన్ను చాంబర్ అంచును కొడుతుంది. డమ్మీ తూటా వాడండి.

బరంపురంలో గోపాల్‌పూర్ ఉప్పుగాలి సంగతి తెలిసిందే. చెమట చేతులతో ముట్టిన ఇనుముకు ఆ పూటే పల్చగా నూనె రాయాలి. స్పాంజి పెట్టెలో వదిలేస్తే తుప్పే.